ఔట్‌బోర్డు మోటారు లోయర్ యూనిట్: వేట విరామ కాలంలో స్వయంగా చేసుకోదగిన మరమ్మతులు

ప్రత్యేక వ్యాసం

తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలపై చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు అమలులో ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు గల ఆంధ్రప్రదేశ్ తీర గ్రామాలలో ఇది వలలు బాగుచేసుకునే, పడవలకు రంగులు వేసుకునే, ఇంజన్లు విప్పి చూసుకునే కాలం కూడా. ఈ రెండు నెలలు వేట ఆదాయం ఉండదు. ప్రభుత్వం నిషేధ కాలపు భృతిని 2025లో రూ.10,000 నుంచి రూ.20,000కు పెంచింది. అయినప్పటికీ, ఇంజను మరమ్మతుకు పెద్ద మొత్తం వెచ్చించవలసి వస్తే మత్స్యకార కుటుంబంపై ఆ భారం తీవ్రంగానే పడుతుంది.

తీరంలోని ఫైబర్ పడవలలో కొన్ని పొడవైన ఇరుసు గల డీజిల్ యంత్రాలతో, మరికొన్ని పడవ వెనుక చెక్కకు బిగించే ఔట్‌బోర్డు మోటార్లతో నడుస్తాయి. ఔట్‌బోర్డు మోటారులో ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే అడుగు భాగమే లోయర్ యూనిట్. పై ఇంజను కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది కనుక దాని లోపాలు త్వరగా తెలుస్తాయి. లోయర్ యూనిట్ విషయం అలా కాదు. అందులోని గేర్లు పాడవడానికి ముందు చాలా సందర్భాలలో ఒక చిన్న రబ్బరు సీలు పాడవుతుంది. ఆ సంగతిని లోపలి నూనె రంగు ముందుగానే తెలియజేస్తుంది. ఆ సూచనను సకాలంలో గుర్తించిన పడవ యజమాని సీలు మార్పుతో బయటపడగలడు. గుర్తించనివాడు గేర్లు, బేరింగులు, ఒక్కొక్కప్పుడు మొత్తం యూనిట్‌ను మార్చవలసి వస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా, నది మొగ వద్ద కెరటాల మధ్య గేరు విఫలమైతే పడవ అదుపు తప్పి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

లోయర్ యూనిట్ నిర్మాణం

ఇంజను నుంచి నిలువుగా దిగే డ్రైవ్ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది ప్రొపెల్లర్ షాఫ్టుపై ఎదురెదురుగా ఉండే ముందు గేరును, వెనుక గేరును ఒకేసారి వ్యతిరేక దిశలలో తిప్పుతుంది. ఆ రెండింటి మధ్య జరిగే పళ్ల క్లచ్చు ఏ గేరును పట్టుకుంటే పడవ ఆ దిశలో కదులుతుంది. దేనినీ పట్టుకోనప్పుడు మోటారు న్యూట్రల్‌లో ఉంటుంది. సాధారణంగా ఇంజను రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఇంచుమించు ఒక చుట్టు తిరుగుతుంది.

ఈ గేర్లన్నీ నూనెలో మునిగి పనిచేస్తాయి. ఆ నూనె పరిమాణం చాలా తక్కువ. 10 నుంచి 15 హార్స్‌పవర్ మోటార్లలో అది సుమారు పావు లీటరు మాత్రమే. నూనెను లోపల, సముద్రపు నీటిని బయట ఉంచే బాధ్యత ప్రొపెల్లర్ షాఫ్టు, డ్రైవ్ షాఫ్టు, గేరు మార్చే కడ్డీల చుట్టూ ఉన్న సీళ్లది, నూనె స్క్రూల కింది వాషర్లది. గేరు బాక్సుకు పైభాగంలో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ గల నీటి పంపు ఉంటుంది. ఇంజనును చల్లబరిచే నీటిని పైకి పంపేది ఇదే.

నూనె తెలియజేసే సంగతులు

తనిఖీకి ముందు మోటారును ఒక రాత్రి నిటారుగా కదలకుండా ఉంచాలి. నూనె కంటె నీరు బరువైనది కనుక కలవని నీరు అడుగుకు చేరుతుంది. మరునాడు కింది స్క్రూను కొద్దిగా వదులు చేసినప్పుడు మొదట వచ్చే చుక్కలను తెల్లని పాత్రలో పట్టి పరిశీలించాలి.

- నూనె పారదర్శకంగా, తేనె రంగులో లేదా కొద్దిగా నల్లబడి ఉంటే సీళ్లు సక్రమంగా ఉన్నట్లు భావించవచ్చు.
- పాలు కలిపిన టీ వలె తెల్లగా ఉన్నా, మొదట నీటి చుక్కలు వచ్చినా లోపలికి నీరు చేరినట్లే. ఆ స్థితిలో మోటారును వేటకు వినియోగించరాదు.
- నూనె మాడిన వాసనతో, చిక్కటి నలుపు రంగులో ఉంటే నూనె తగ్గిపోయి లేదా చాలాకాలం మార్చక గేర్లు వేడెక్కినట్లు గ్రహించాలి.
- కింది స్క్రూకు అయస్కాంతం ఉన్న మోటార్లలో దానికి అంటుకునే మెత్తని బూడిద రంగు పొడి సహజమైన అరుగుదల. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు, పొరలు కనిపిస్తే గేరు పళ్లు లేదా బేరింగులు దెబ్బతిన్నట్లే.

నూనె మార్పిడి గడువు విషయంలో ఒక అపోహ ఉంది. తయారీదారులు సాధారణంగా తొలిసారి 10 నుంచి 20 గంటల నడక తరువాత, ఆపై ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు నూనె మార్చాలని సూచిస్తారు. వీటిలో ఏది ముందు వస్తే అదే గడువు. ఆరు నెలలు అన్న మాటే చాలామందికి గుర్తుంటుంది. రోజుకు ఆరు గంటలు నడిచే పడవకు 100 గంటలు 17 రోజులలోనే పూర్తవుతాయి. కాబట్టి వేటకు వాడే మోటారుకు నెలలను కాక గంటలను లెక్కించడమే సరైన పద్ధతి.

నీరు ప్రవేశించే మార్గాలు

నీరు చేరడానికి మత్స్యకారుల పడవలలో ప్రధాన కారణం తమ వల దారమే. తెగిన నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనుకకు చేరి షాఫ్టు చుట్టూ బిగుసుకుంటుంది. తిరిగే కొద్దీ అది వేడెక్కి, సీలు అంచును కోసి లోపలికి చొచ్చుకుపోతుంది. బయటకు ఏమీ కనిపించదు. ప్రొపెల్లర్ తీసి చూస్తే తప్ప ఈ దారం బయటపడదు. అందువల్ల వారానికి ఒకసారి ప్రొపెల్లర్ తీసి షాఫ్టును శుభ్రం చేయడం మరమ్మతులన్నింటిలో అతి చౌకైనది, అతి ముఖ్యమైనది.

నూనె స్క్రూల కింది పాత వాషరును మళ్లీ వాడటం రెండవ కారణం. ఇసుక మేటకు లేదా రాతికి తగిలి షాఫ్టు వంగడం, బాక్సు పగలడం మూడవది. ఇసుక కలిసిన నీటిలో నడిచినప్పుడు డ్రైవ్ షాఫ్టు సీళ్లు అరగడం నాలుగవది.

అవసరమైన సాధనాలు

స్పానర్లు, సాకెట్లు, వెడల్పాటి మొన గల స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లయర్, రబ్బరు సుత్తి, బేరింగ్ పుల్లర్, టార్క్ రెంచి, తుప్పు వదిలించే నూనె, నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు, కొత్త సీళ్లు, వాషర్లు, స్ప్లిట్ పిన్‌లు, ఇంపెల్లర్ సిద్ధంగా ఉంచుకోవాలి. నూనె విషయంలో ఆ మోటారు పుస్తకంలో సూచించిన రకాన్నే వాడాలి. ఎక్కువ మోటార్లకు ఎస్.ఏ.ఇ. 90 లేదా 80డబ్ల్యూ-90 తరగతి హైపాయిడ్ గేరు నూనెను సూచిస్తారు. ఇంజను నూనె దీనికి ప్రత్యామ్నాయం కాదు.

పని ప్రారంభించే ముందు స్పార్క్ ప్లగ్ తీగలను, సెల్ఫ్ స్టార్టు ఉంటే బ్యాటరీని కూడా తప్పక విడదీయాలి. గేరులో ఉన్న మోటారు ప్రొపెల్లర్‌ను చేతితో తిప్పినప్పుడు ఇంజను అనుకోకుండా అంటుకునే ప్రమాదం ఉంది.

పని క్రమం

1. నూనె మార్చడం: మోటారును నిటారుగా ఉంచి, కింద పాత్ర పెట్టి, మొదట కింది స్క్రూను, తరువాత పై స్క్రూను విప్పాలి. నూనె పూర్తిగా కారిన తరువాత కొత్త నూనెను కింది రంధ్రం గుండానే ఎక్కించాలి. పై నుంచి పోస్తే గాలి లోపల చిక్కుకుని, నిండినట్లు కనిపించినా వాస్తవానికి నూనె తక్కువగా ఉంటుంది. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా నూనె పొర్లినప్పుడు ముందుగా పై స్క్రూను బిగించి, ఆ తరువాత గొట్టం తీసి వెంటనే కింది స్క్రూను బిగించాలి. రెండింటికీ కొత్త వాషర్లు వేయాలి.

2. ప్రొపెల్లర్ సీలు మార్చడం: ప్రొపెల్లర్ రెక్కకు, దాని పైనున్న పలకకు మధ్య చెక్క ముక్క అడ్డుపెట్టి నట్టు విప్పాలి. వాషర్లు ఏ వరుసలో, ఏ వైపుకు ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. సీళ్లు ఉండే బేరింగ్ హౌసింగ్‌ను దాని బోల్టులు విప్పి పుల్లర్‌తో సమంగా బయటకు లాగాలి. సుత్తితో ఒక పక్క కొడితే హౌసింగ్ వంకరగా బిగుసుకుని పగులుతుంది. పాత సీళ్లు తీసే ముందు వాటి పెదవులు ఏ వైపుకు ఉన్నాయో తప్పక గమనించాలి. మోటారు రకాన్ని బట్టి ఈ అమరిక మారుతుంది. కొత్త సీలును దాని వెలుపలి అంచుకు సరిపడే సాకెట్ లేదా గొట్టంతో సమంగా లోపలికి దించి, పెదవికి గ్రీజు రాయాలి. హౌసింగ్ చుట్టూ ఉండే రబ్బరు రింగును కూడా మార్చాలి.

ఇక్కడ ఒక పరీక్ష అవసరం. సీలు ఆనే చోట షాఫ్టుపై గోరుతో అడ్డంగా గీయాలి. గోరు తగిలేంత గాడి ఉంటే ఎంత కొత్త సీలు వేసినా నీరు ఆగదు. అటువంటి షాఫ్టును మార్చడం లేదా వర్క్‌షాపులో చక్కదిద్దించడం తప్పనిసరి.

3. లోయర్ యూనిట్‌ను దించడం: నీటి పంపు, డ్రైవ్ షాఫ్టు సీళ్ల పనికి యూనిట్‌ను మోటారు నుంచి వేరుచేయాలి. పుస్తకంలో సూచించిన గేరు స్థితిలో ఉంచి, గేరు కడ్డీ జాయింటును విడదీయాలి. కొన్ని మోటార్లలో ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న ట్యాబు కింద కూడా ఒక బోల్టు దాగి ఉంటుంది. ట్యాబు తీసే ముందు దాని కోణాన్ని గీత గీసి గుర్తించాలి. బోల్టులన్నీ తీసిన తరువాత రబ్బరు సుత్తితో మెల్లగా తట్టుతూ యూనిట్‌ను తిన్నగా కిందికి లాగాలి. యూనిట్ రాకపోతే ఏదో ఒక బోల్టు మిగిలి ఉన్నదేమో చూడాలి. సందులో ఉలి దూర్చి విడదీయరాదు.

ఉప్పునీటిలో పనిచేసిన మోటార్లలో స్టీలు బోల్టులు అల్యూమినియం బాక్సులో బిగుసుకుపోతాయి. బలవంతం చేస్తే బోల్టు తల విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రోజు ఆగి, కొద్దిగా బిగిస్తూ, కొద్దిగా వదులు చేస్తూ తీయడం క్షేమకరం.

4. నీటి పంపు: పంపు మూత తీసి ఇంపెల్లర్ రెక్కలను పరిశీలించాలి. రెక్కలు ఒకే వైపుకు వంగి తిరిగి నిటారు కాకపోతే, చీలితే, అంచులు గట్టిపడితే మార్చాలి. విరిగిన ముక్క ఉంటే అది నీటి మార్గంలోనే ఎక్కడో ఉన్నట్లే. దానిని వెతికి తీయకుంటే ఇంజను వేడెక్కడం ఆగదు. ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీని జారవిడువకుండా జాగ్రత్తపడాలి. మూత వేసేటప్పుడు షాఫ్టును అది సహజంగా తిరిగే దిశలో మాత్రమే తిప్పుతూ రెక్కలను లోపలికి పంపాలి. షాఫ్టు చుట్టూ ఉన్న సీళ్లను కూడా ఈ దశలోనే మార్చవచ్చు.

5. ఒత్తిడి పరీక్ష: కొత్త నూనె పోసే ముందు ఖాళీ గేరు బాక్సు పై రంధ్రానికి మీటరు గల చేతి పంపు తగిలించి, కింది స్క్రూ బిగించి, గాలి ఎక్కించాలి. ఎక్కువ మోటార్లకు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోల ఒత్తిడి సరిపోతుంది. పుస్తకంలో ఇచ్చిన పరిమితిని మించరాదు. మించితే సీళ్లు స్థానం తప్పుతాయి. ఐదు నిమిషాలపాటు మీటరు ముల్లు దిగకుండా నిలవాలి. దిగితే సీళ్ల చుట్టూ సబ్బు నీరు పూయాలి. బుడగలు వచ్చే చోటే లోపం. షాఫ్టును మెల్లగా తిప్పుతూ కూడా ఈ పరీక్ష చేయాలి. కదలనప్పుడు ఆగిన గాలి తిరిగేటప్పుడు బయటపడవచ్చు.

6. తిరిగి అమర్చడం: డ్రైవ్ షాఫ్టు పై చివర ఉన్న గాళ్ల పక్కలకు మాత్రమే గ్రీజు రాయాలి. షాఫ్టు నెత్తిపై గ్రీజు పెడితే అది పైకి వెళ్లే దారిలో చిక్కుకుని షాఫ్టు పూర్తిగా కూర్చోకుండా అడ్డుపడుతుంది. నీటి గొట్టం పంపులోకి, గేరు కడ్డీ తన జాయింటులోకి, షాఫ్టు ఇంజనులోకి ఒకేసారి చేరాలి. సందు మిగిలితే బోల్టులతో బిగించి లాగరాదు. ఏది సరిగా కూర్చోలేదో చూసి మళ్లీ అమర్చాలి. బోల్టులకు మెరైన్ గ్రీజు రాసి, సూచించిన టార్క్ మేరకు బిగించాలి. ప్రొపెల్లర్ నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి.

7. తుది పరీక్ష: మోటారును నీటి డ్రమ్ములో పెట్టి మాత్రమే నడపాలి. నీరు లేకుండా నడిపితే ఇంపెల్లర్ కొద్ది క్షణాలలోనే కాలిపోతుంది. పక్క రంధ్రం నుంచి నీటి ధార నిలకడగా రావాలి. ముందు, న్యూట్రల్, వెనుక గేర్లు శబ్దం లేకుండా పడాలి. మొదటి ట్రిప్పు ఒడ్డుకు దగ్గరలోనే చేయాలి. తరువాత నూనెను మళ్లీ పరిశీలించాలి. రంగు మారకుంటేనే మరమ్మతు పూర్తయినట్లు భావించాలి.

ఎక్కడ ఆగాలి

నూనె, స్క్రూ వాషర్లు, ప్రొపెల్లర్, ప్రొపెల్లర్ సీళ్లు, నీటి పంపు - ఇవి సాధనాలు, ఓపిక ఉన్న పడవ యజమాని స్వయంగా చేసుకోదగినవి. పినియన్ నట్టు విప్పడం, గేర్లు లేదా బేరింగులు మార్చడం, గేర్ల మధ్య సందును పలుచని షిమ్‌లతో సరిచేయడం అలాంటివి కావు. వాటికి మిల్లీమీటరులో వందో వంతును కొలిచే పరికరాలు కావాలి. కొలత లేకుండా బిగించిన కొత్త గేర్లు త్వరలోనే పళ్లు రాలుస్తాయి. నూనెలో లోహపు ముక్కలు కనిపించినప్పుడు, గేరు దడదడ శబ్దంతో జారిపోతున్నప్పుడు, షాఫ్టు వంగినప్పుడు, బాక్సు పగిలినప్పుడు మోటారును శిక్షణ పొందిన మెకానిక్‌కు అప్పగించడమే ఉత్తమం.

అయితే ప్రతి లోపమూ గేరుదే కాదు. ఇంజను వేగం పెరిగినా పడవ కదలకపోతే మొదట ప్రొపెల్లర్‌ను చూడాలి. చిన్న మోటార్లలో గేర్లను కాపాడేందుకు ముందుగా తెగిపోయేలా అమర్చిన షియర్ పిన్ తెగి ఉండవచ్చు, లేదా ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారుతూ ఉండవచ్చు. తెగిన పిన్ స్థానంలో గట్టి మేకు దిగగొట్టడం కొన్నిచోట్ల కనిపించే అలవాటు. తరువాతి దెబ్బకు మేకు తెగదు, గేరు విరుగుతుంది.

ఉప్పునీటి నుంచి రక్షణ

వేట ముగిసిన ప్రతిసారీ మోటారును మంచినీటితో కడిగి, కొద్దిసేపు మంచినీటి డ్రమ్ములో నడపాలి. బాక్సుకు బిగించిన జింకు దిమ్మె ఉప్పునీటిలో తాను కరిగిపోతూ అల్యూమినియంను కాపాడుతుంది. అది సగం కరిగిన వెంటనే మార్చాలి. దానికి రంగు వేయరాదు. రంగు వేస్తే అది పనిచేయదు. అప్పుడు ఉప్పునీరు బాక్సునే తినడం మొదలుపెడుతుంది.

రక్షణ పడవల విషయంలో

ఈ జాగ్రత్తలు మత్స్యకారులకే పరిమితం కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలు విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు సహాయక చర్యలలో పడవలు కీలక పాత్ర వహించాయి. వరద నీటిలో తీగలు, గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు ప్రొపెల్లర్‌కు చుట్టుకోవడం సహజం. వరద ముగిసి మోటారును కడిగి గిడ్డంగిలో పెట్టినా, కోసుకుపోయిన సీలు గుండా చేరిన నీరు లోపలే ఉండి, నెలల తరబడి గేర్లకు, బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. తదుపరి వరదలో పడవ అవసరమైన రోజున ఆ మోటారు మొరాయిస్తుంది. అందువల్ల ప్రతి వినియోగం తరువాత నూనె పరిశీలన, ఏటా రుతుపవనాలకు ముందు సీళ్లు, ఇంపెల్లర్ తనిఖీ జరిపి రిజిస్టరులో నమోదు చేయడం ఆవశ్యకం. ఇంజను అంటుకున్నదని నమోదు చేస్తే చాలదు. గేరు నూనె రంగును కూడా రాయాలి.

పాత నూనె పారవేత

తీసిన నూనెను ఇసుకలో గాని, కాలువలో గాని, సముద్రంలో గాని పోయరాదు. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 పరిధిలోకి వస్తుంది. దానిని మూత గల డబ్బాలో సేకరించి, అనుమతి పొందిన సేకరణదారులకు అప్పగించాలి. ఒక్కొక్క మోటారు నుంచి వచ్చేది పావు లీటరే అయినా, ఒక రేవులోని పడవలన్నీ ఒకే నెలలో నూనె మార్చినప్పుడు తీరానికి కలిగే నష్టం తక్కువ కాదు. రేవుకొక డ్రమ్ము ఏర్పాటు చేసుకోవడం సులభమైన మార్గం.

శిక్షణ, సహాయం

1963లో కొచ్చిలో ఏర్పడిన సిఫ్‌నెట్, అనగా కేంద్ర మత్స్య నౌకాయాన, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థకు చెన్నైతో పాటు విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. ఈ సంస్థ మెరైన్ ఫిట్టర్ కోర్సును నిర్వహిస్తుంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. సముద్రంలో మోటారు విఫలమై ఆపదలో చిక్కుకున్నవారు భారత తీర రక్షక దళం ఉచిత ఫోన్ నంబరు 1554ను సంప్రదించవచ్చు.

జూన్ 15న పడవలు తిరిగి వేటకు బయలుదేరే ముందు ప్రతి మోటారుకు మూడు విషయాలు సరిచూడాలి: నూనె తేటగా ఉన్నదా, ప్రొపెల్లర్ వెనుక దారం లేకుండా ఉన్నదా, నీటి ధార నిలకడగా వస్తున్నదా. ఈ తనిఖీకి అరగంట సమయం సరిపోతుంది.